చీమల దాటు

తొగకుషి కొండ గొలుసులు చూడటానికి
ఏటా జూన్‌లో తోకుజీ ఒక్కడే వెళ్తాడు.
ఈ ఏడు ఆయన వెనక నేను,
నడుముకు కొత్త సుత్తి, సంచిలో తడవని కాగితాల పుస్తకం.

దేవదారుల బాట పొడుగునా ఆయన మాట్లాడలేదు.
రాయి మొదలైన చోట మాత్రం
చేతి తొడుగులు తీసి జేబులో కుక్కుకుని
"తుప్పు సంగతి తోలుకేం తెలుసు" అన్నాడు.

మొదటి గొలుసు. మేకును సుత్తితో తట్టి
సంతలో కుండ కొనే మనిషిలా చెవి ఒగ్గాడు.
ఖంగుమంది.
"బాగుంది, రాసుకో."
రెండోదీ బాగుంది.
మూడోదాంట్లో నాలుగో లంకె లోపలి వైపు అరిగి
ముసలమ్మ వేలి ఉంగరంలా ఉంది.
రాసుకున్నాను: మూడు, నాలుగు, మార్చాలి.
ఎన్ని వేల చేతులు పట్టుకు వేలాడితే
ఇనుము ఇంత నునుపెక్కుతుందో
రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

నిట్టనిలువు రాతిలో పట్టు వెతుక్కుంటుంటే
నా ముఖానికి జానెడు దూరంలో, పగులులో,
గులాబి రంగు పువ్వొకటి.
పేరడగాలనుకున్నాను. కాలు వణికింది, మరిచిపోయాను.
పైన ఆయన బూట్ల అడుగులే కనిపిస్తున్నాయి,
ఎడమ మడమ ఒకవైపే అరిగింది.
ఆ మోకాలు రాత్రిళ్లు నిద్రపోనివ్వదని
ఆయన భార్య ఫుమియె సోబా పిండి పిసుకుతూ చెప్పింది,
ఆయనకు వినపడకుండా, నాకు వినపడేలా.

తర్వాత గొలుసులు అయిపోతాయి.
అక్కడ గట్టు మొదలవుతుంది.

అరగజం వెడల్పు. అటూ కొండ లేదు, ఇటూ లేదు.
కుడి పక్క పొగమంచు పొయ్యి మీది పాలలా పైకొస్తోంది,
ఎడమ పక్క ఎండ, లోయలో చెట్ల తలలు ఆవగింజలంత.
మా పెద్దవాళ్లు దీన్ని చీమల దాటు అన్నారు,
దాని చివరి నాలుగడుగుల్ని కత్తి అంచు అన్నారు.
పేరు పెట్టినవాడికి మనుషుల మీద నమ్మకం తక్కువో,
చీమల మీద గౌరవం ఎక్కువో.

ఊళ్లో అందరూ చెప్పుకునే మాట:
తోకుజీ దాని మీద నిలబడి నడుస్తాడు.
నలభై రెండేళ్లుగా. భుజాన గొలుసు చుట్ట, నోట్లో ఆరిన సిగరెట్,
ఒకసారి వాన తరుముకొస్తుంటే,
ఒకసారి బిగుసుకుపోయిన కుర్రాణ్ణి ముందు పెట్టుకుని,
మడికి నీళ్లు కట్టడానికి పోతున్నవాడిలా.

ఈ పొద్దు ఆయన గట్టు మొదట్లో ఆగాడు.
బూటు కొనతో రాతిని రెండుసార్లు గీరాడు.
మంచు వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు,
నా వైపు చూడలేదు.
మెల్లగా వంగి, రెండు చేతులూ ఆనించి
కూచున్నాడు.
గుర్రమెక్కినట్టు కాళ్లు అటొకటి ఇటొకటి వేలాడేసి
చేతుల మీద ఒళ్లు లేపుకుంటూ, దించుకుంటూ,
జానెడు. ఇంకో జానెడు.
ప్యాంటు రాతికి ఒరుసుకునే చప్పుడు.
అంత చిన్న చప్పుడు అంత పెద్ద లోయలో
ఎందుకు వినపడాలి?

నాకు ముప్పై ఒకటి. మోకాళ్లు బాగున్నాయి.
గాలి కూడా లేదు.
నేనూ కూచున్నాను.

ఎడమ కాలికి ఎండ, కుడి కాలికి చలి.
సగం దాటాక, వెనక్కి తిరక్కుండానే
"నడవొచ్చుగా" అన్నాడు.
"భయం" అన్నాను.
"అబద్ధం" అన్నాడు.
ఇంకో జానెడు జరిగాడు.

శిఖరం పేరు ఎనిమిది దిక్కుల చూపు.
ఆ పూట మాకు దొరికినవి మూడు,
మిగతావి మంచు మింగింది.
అన్నం ముద్ద విప్పి, లోపలి ఉప్పు ఉమే కాయను
నా అరచేతిలో పెట్టాడు, తనకది పడదట.
కింద, ఇంకా విత్తనం పడని సోబా మడుల పక్కన
లేస్తున్నది వాళ్లింటి పొగేనని ఆయన,
కాదని నేను.

పుస్తకం తెరిచాను.
గొలుసులు పదమూడు. మార్చాల్సినవి రెండు.
గట్టుకు ఒకటే గడి: పరిస్థితి.
పెన్సిల్ కొన నాలుకకు ఆనించుకుని చాలాసేపు చూశాను.
పొడిగా ఉంది, అని రాశాను.

ఆయన పక్కనుంచి తొంగి చూసి
"మధ్యలో ఒక పెచ్చు కదులుతోంది. అదీ రాయి" అన్నాడు.
"ఎప్పట్నుంచి?"
వేలికంటిన మెతుకు నాక్కుంటూ
"ఏమో. ఇన్నేళ్లూ పైపైన పోయాను కదా."