మూడొందల కోకలు

గవరయ్య బాబు స్టూడియో మేడమీద
ఉత్తరం కిటికీ కాడ బల్ల నాది.
పింగాణీ గిన్నెలు ఏడు. ఉడతతోక కుంచె ఒకటి.
కార్డుకి దమ్మిడీ.
పాడుసేస్తే కార్డు ఖరీదు నా కూలిలో కోత.

ఫొటోలో మూడు లాంతర్ల కాడ బజారు,
బూడిద జల్లినట్టు.
మెయిలు ఆగిన కాసేపట్లో కిటికీల్లోంచి కొంటారట దొరసానులు,
అంచేత ఆకాశం నీలంగా ఉండాలన్నారు బాబు.

ఆ రోజు ఆకాశం నీలం కాదు.
నానక్కడే ఉన్నాను.
దుమ్ముగాలి. ఎండుమిరప బస్తా పిగిలిపోయి
బజారు బజారంతా తుమ్ముతున్నాది.
ఒక్క తుమ్మూ ఫొటోలో పడనేదు.

కదిలినోలికి అందులో సోటు నేదు.
జట్కా గుర్రం ఈగని తోలుకున్నాది, తల పోయింది.
"తలెట్టీ" అన్నారు బాబు. ఎట్టినాను.
గుడ్డలంగడి ముందర రెండు కాళ్లున్నాయి, పైన మనిషి నేదు.
మట్టిరంగు పూసి అరుగులో కలిపీసినాను.
ఎవులి కాళ్లో, పాపం.

నిలబడిపోయింది ఒక్కర్తే,
నెత్తిమీద తట్టతో, మా పిన్ని ఎర్రయ్యమ్మ.
నల్లగుడ్డలో తలదూర్చిన మనిషిని సూసి
కొయ్యైపోయింది.
ఆవిడికి రెండే కోకలు,
ఒంటిమీదొకటి, దండెంమీదొకటి.

మొదటి కార్డులో పసుప్పచ్చ కట్టినాను.
రెండోదాన్లో నేరేడుపండు రంగు.
తరవాత సిలకపచ్చ, వంకాయపువ్వు,
సిరిమాను పండక్కి కోమట్లమ్మాయి కట్టిన ఆ రంగు,
దానికి పేరు నాకు తెల్దు.
మూడొందల కార్డులు, మూడొందల కోకలు.
"ఒక్క మనిషికి ఇన్ని రంగులేటే?"
"ఏ దొరసానైనా రెండు కొంటాదేటి బాబూ, పోల్సుకోడానికి?"

పిన్నికి సూపించినాను ఆరబెట్టినవన్నీ.
సాలా సేపు సూసింది.
"బాగుంది గానీ, తట్టలో పనసతొనలుండాలి కదే,
బూడిదెట్టి అమ్మమన్నావేటి నన్ను?"

అప్పుడు లగెత్తుకెళ్లి
తట్టతట్టకీ ఒక సుక్క పసుపు.
కంగార్లో ఒకదానిమీద నీల్లగిన్నె తిరగబడింది.
పిన్ని కోక ఎరుపు కరిగి
వీధిలోకి పారి, జట్కా సక్రాలు దాటి
లాంతర్ల దాకా ఎల్లిపోనాది.

మిగతావన్నీ రైలెక్కీసినాయి.
ఎనకాల ఏటి రాసుకున్నారో, "ఇక్కడ వేడి" అనో ఏటో.
పాడైందానికి డబ్బు కోసీసి నాకిచ్చీసినారు.
ఊరి మొత్తంమీద
కార్డు కొన్నది నానొక్కర్తినే.