నాలుగంగుళాల రోలరు

వేట నిషేధం ఇంకా పంతొమ్మిది రోజులుంది.
కాసిమేడులో బోట్లన్నీ గట్టెక్కి
దుంగల మీద నిలబడ్డాయి,
చీర మోకాళ్ళ పైకి దోపుకుని
వాననీళ్ళు దాటబోయే ఆడవాళ్ళలా.

ఫిలోమినా అక్క బోటు అడుగుకి ఎర్రరంగు.
డబ్బా ఒక్కటీ నా నెల కూలిలో సగం.
"రోలర్లు తే. మంచివి తే" అన్నాడు దానయ్య మేస్త్రి.
మంచివంటే ఏవో చెప్పలేదు.

రాయపురంలో కోయిల్‌రాజ్ అన్నాచ్చి కొట్టు.
తీగకి గుచ్చి వేలాడుతున్నాయి:
పసుపుపచ్చ స్పాంజివి, నలభై.
గొర్రెతోకల్లాంటి బొచ్చువి, నూట ఇరవై.
ఇంకోటి, పొట్టి నూగుది,
గుండు కొట్టించిన పదోరోజు చంటోడి తలలా,
నూట ఎనభై.
నేను నలభైది తీసుకున్నాను.
మిగిల్చానని మురిసిపోతూ వచ్చాను.

పావుగంట.
రంగులో థిన్నరు దాన్ని నమిలేసింది.
సాంబార్లో మరిచిపోయిన ఇడ్లీలా ఉబ్బి
గొట్టం నుంచి జారి
ముక్కలు ముక్కలుగా బోటుకి అంటుకుంది.
మేస్త్రి తిట్టలేదు. అదే బాధ.
తడి ఆరకముందే గోటితో
ఒక్కో ముక్కా ఏరాడు.
ఉత్త గొట్టం అక్క చిన్నకొడుక్కి దొరికింది,
సాయంత్రం దాకా ఊదుతూనే ఉన్నాడు.

రెండోసారి బొచ్చుది.
ఏ చేపకీ లేని దాహం దానికి.
ముంచితే సగం గిన్నె తాగింది,
ఎత్తితే నా మోచేతి మీదుగా చంకలోకి పోసింది.
తోలిన చోటల్లా
ఈకలు పీకిన కోడి చర్మం.
ఫిలోమినా అక్క వచ్చి చూసి, డబ్బాలోకి వంగి చూసి,
"మీ రోలరు తాగిందెంత, నా బోటు తాగిందెంత?"
అంది. లెక్క చెప్పడానికి
నా దగ్గర నోరు లేదు.

మూడోసారి పొట్టి నూగుది తెచ్చాను.
మేస్త్రి దాన్ని ముందు చెంపకి రాసుకున్నాడు.
గమ్ టేపు చుట్టి సర్రున లాగాడు,
టేపు నిండా నూగు.
"ఊడీది ఇక్కడే ఊడిపోవాలి,
తల్లికి అంటకూడదు."
ఇంకోసారి చుట్టాడు. ఇంకోసారి లాగాడు.
మూడో టేపు శుభ్రంగా వచ్చింది.
అప్పుడు ముంచాడు.
ఎరుపు పలచగా, సమంగా, చప్పుడు లేకుండా పరుచుకుంది.
నేను ఊపిరి వదిలాను.

"చిన్నదేదిరా?"

చిన్నదేంటి?

చెయ్యి పట్టుకుని బోటు కిందకి లాక్కెళ్ళాడు.
వెన్నుకర్ర పక్కన, దుంగకి జానెడు దూరంలో
అరచేయంత మేర
గుల్లలు పీకిన గుర్తులు, తెల్లగా, గుండ్రంగా.
చుట్టుపక్కల ఒక్కటి లేదు.
"పోయినేడు దుంగ ఇక్కడుంది.
జరిపి కింద రంగెయ్యాలి.
అప్పటికి చీకటి పడిపోనాది, పెద్ద రోలరు దూరలేదు.
ఎవుడు సూస్తాడులే అనుకున్నాను."
కాసేపు ఆ మచ్చని బొటనవేలితో రుద్దాడు.
"ఈటికి కళ్ళు లేవు గానీ
ఎతుక్కుని ఎతుక్కుని వచ్చినాయి."

నాలుగోసారి వెళ్తే
అన్నాచ్చి నా చొక్కా చూసి
ఏమీ అడక్కుండానే
నాలుగంగుళాలది బల్ల మీద పెట్టాడు. అరవై.

పొద్దు వాలాక జాకీ ఎత్తి
దుంగని మూరెడు జరిపాం.
నేను వెల్లకిలా పడుకున్నాను.
ముక్కుకి బెత్తెడు పైన
ఎన్ని టన్నులో ఎవరూ చెప్పని బరువు,
ఎండకి కాగి ఇంకా వెచ్చగా.
చిన్న రోలరు కిచకిచమంటూ తిరిగింది.
అటు రెండు, ఇటు రెండు.
ఒక చుక్క పెదవి మీద పడింది.
రాగిచెంబు అంచు నాకినట్టుంది.
ఉమ్మేశాను.

రేపు మిగతా దుంగలు.
మొత్తం పద్నాలుగు చోట్లు, సుద్దతో గుర్తులు పెట్టాం.
రంగు పడ్డాక సుద్ద కనిపించదు.
నీళ్ళలో దిగాక
ఆ చోట్లు తెలిసేది నాకూ, దానయ్యకీ,
గుల్లలకీ.