పద్నాలుగో షరతు

ములుగు రోడ్డు మీద మా కాలేజీ.
అడ్మిషన్ల కిటికీ ఎనుక పదకొండేండ్ల సంది నేను.
కిటికీకి అవుతల దుమ్మో, ముసురో.
ఇవుతల ఏడాది పొడుగూత ఫారాలు.

హామీ పత్రం నాలుగు పేజీలు, ఇంగ్లీషుల.
పదమూడు దాక ఫీజుల ముచ్చట.
పద్నాలుగోది వకీలు సారు చెప్పి రాయించింది:
క్యాంపస్‌ల గానీ, హాస్టల్ల గానీ, బస్సుల గానీ
ఏ ప్రమాదం జరిగినా
యాజమాన్యానికి ఏ బాధ్యతా లేదు.
టైపు కొట్టింది నేనే.
"ఎనీ" అన్న మాట మూడుసార్లు పడ్డది.
ఉండనియ్యి, అన్నడు సారు.

ఆ ఏడు తాడ్వాయి దిక్కు నుంచి
ఈసం లచ్చయ్య వచ్చిండు, కొడుకును ఎంటేసుకొని.
పిలగాని చేతిల కొత్త బకెట్,
బకెట్ల తువ్వాల, సబ్బు, తాళంకప్ప.
కిటికీ ఎత్తుకు వంగి అడిగిండు తండ్రి:
"ఏం రాసిండ్రు సారూ ఇండ్ల?"

ఎనుక లైన్ల అరవై మంది.
"నీ పిలగాన్ని మంచిగ చూసుకుంటమని రాసిండ్రు," అన్న.
అబద్ధమాడుదామని గాదు.
లైను కదలాలె.
నాలుగు పేజీల మీద వేలిముద్ర ఏసి
మిగిలిన సిరాను తలెంటికలకు తుడుసుకొని పోయిండు.

మల్లయేడు మిరుగం ముంగట
కరెంటు పనిచేసే ఓదెలు చిట్టీ తెచ్చిండు:
బీ బ్లాకు డాబా మీద
బట్టలారేసే ఇనుప తీగె
మోటారు వైరుకు ఒరుసుకుంటాంది.
ఎర్తింగు లేదు. వానలకు ముందే చెయ్యాలె.
చింపిన నోటుబుక్కు కాయితం, వంకర రాత.
ముద్ర కొట్టి నంబరేసిన: రెండు వందల పద్దెనిమిది.
పైకి పోయింది.
మూడో దినం పచ్చ సిరాతో ఒక్క మాట మోసుకొని వచ్చింది:
"చర్చిద్దాం."
ఆ మాటను కూడ రిమార్కుల గడిల ఎక్కించిన.

చర్చ కంటె వాన ముందుగాల వచ్చింది.

తువ్వాల ఆరెయ్య పోయిండు పిలగాడు.
బతికిండు.
ఎంజీఎంల ఇరవై రెండు దినాలు.
కుడిచేతి వేళ్లు రెండు తీసేసిండ్రు.
వాడు గీసిన బోల్టు బొమ్మ, సగమే,
డ్రాయింగు హాల్ల బల్ల మీద పిన్నులకు అట్లనే ఉన్నదట.
నేను పోయి సూడలే.

హన్మకొండ నుంచి వకీలు సారు కార్ల దిగిండు.
పద్నాలుగో షరతు మీద వేలు పెట్టి మురిసి,
మల్ల తనే నెమ్మదిగ:
"ముద్ర ఉన్నంత మాత్రాన
కోర్టుల నిర్లక్ష్యం మాఫ్ కాదు.
ముందుగాల ఎవలన్న చెప్పినట్టు కాయితముంటెనే కష్టం.
ఉన్నదా?"

ఏసీ సప్పుడు.
కరస్పాండెంటు సారు నన్ను సూశిండు,
నేను నా చెప్పులను.
"ఇన్‌వర్డు రిజిస్టరు కుట్లూడిపోయింది గదా," అన్నడాయన,
"ఇంటికి తీస్కపోయి కొత్తదాండ్ల మంచిగ ఎక్కియ్యి.
అవుసరమున్నయి రాస్తె చాలు."

రాత్రి రాసిన.
రెండు వందల పదిహేడు: బెంచీలకు మేకులు.
తర్వాత పెన్ను ఆగింది.
ధైర్యమొచ్చి గాదు.
ఏ నంబరెనుక ఏదొస్తదో
చేతికి అలవాటు.

తెల్లారి కిటికీ కాడ లచ్చయ్య.
ఎనుక లైను లేదు.
"పైసల కోసం రాలే సారూ.
ఆ దినం నువ్వు నాకు సదివిన కాయితముండె గద,
మంచిగ చూసుకుంటమని,
అది ఇయ్యి."

అసొంటి కాయితం
ఏ అల్మారల లేదు.
సంచిలకెల్లి పాత రిజిస్టరు తీసి
రెండు వందల పద్దెనిమిది కాడ వేలు పెట్టిన.
తారీఖు నుంచి "చర్చిద్దాం" దాక
ఉన్నది ఉన్నట్టు సదివిన.

సాంతం ఇన్నడు.
"ఇండ్ల నీ పేరున్నదా?" అన్నడు.

ఉన్నది.
గడి అంచుకు, చిన్నగ,
నా పొట్టి సంతకం.