రెండే రెక్కలు

ఇబ్రీ దాటినంక తారు రోడ్డు ఇడిసిపెట్టి
వాది అంచున బండి ఆపుమన్నది షమ్సా మేడం.
వల నా చేతికిచ్చి, హిందీల సగం అరబ్బీల సగం
"తేనెటీగ లెక్కనే ఉంటది, భయపడకు, కుట్టదు" అన్నది.

కుట్టదని దానికి తెలుసు, నాకు తెలువద్దా?
మిట్టెండల ఒక్కతాన నిలవడ్డది గాలిల.
రెక్కలు కనవడయి, సన్నటి మోత ఒక్కటే.
ఒంటి నిండ తుప్పురంగు నూగు,
ముక్కు మాత్రం దబ్బనం లెక్క ముంగటికి.
వల ఏసేసరికి ఆడ లేదు.
జానెడు పక్కన మళ్ల అట్లనే, ఏం గానట్టు.
నాలుగోసారికి చిక్కింది.

బండి డాల మీద భూతద్దం పెట్టి చూపెట్టింది:
తేనెటీగకు నాలుగు రెక్కలు,
దీనికి రెండే. తక్కిన రెంటి జాగల
గుండుసూది తలలసొంటి బుడిపెలు.
"ఇది ఈగ. తేనెటీగ ఏషం కట్టింది."

నేనేం మాట్లాడలే.
నా బతాకా మీద మేకల కాపరి అని ఉంటది.
పదకొండేండ్లాయె,
ఒక్క మేకను గూడ తోలలే.

రాత్రి రెస్ట్‌హౌస్‌ల ట్యూబులైటు కింద
సూదులు, దూది, అట్టపెట్టెలు.
రెక్క మీది ఈనెలు చూసి ఏది ఏ ఇంటిదో తేలుస్తది మేడం:
ఈ ఈనె ఆ ఈనెను యాడ కలిసింది,
నడుమ గది మూసుకున్నదా, తెరుసుకొనే ఉన్నదా.
మసిబట్టిన రెక్కలవి ఒక తెగ,
వాటికి బొగ్గు పేరే పెట్టిన్రట.
ఆవగింజంత గూనివి కొన్ని
ఎనకట ఇదే ఇంట్ల ఉండెనట,
పెద్దమనుషులు కూసొని ఏరువెట్టిన్రు.
లోకం మొత్తంల ఐదు వేల దాక లెక్కకొచ్చినయట.
లెక్కకు రానివి ఎన్నో ఆమెకే తెలువదు.

మా క్యాంపుల గూడ ఉన్నయి తెగలు:
కంపెనీ వీసా, ఆజాద్ వీసా, కల్లివెల్లి.
దూరంకెళ్లి చూస్తె అందరం ఒక్కటే నీలం డాంగ్రీ.

"ఆడది గుడ్డెట్ల పెడ్తదో ఎరికేనా?"
ముందుగాల ఇసుకల కూసుంటదట,
తోక కింది సంచిల ఇసుక నింపుకుంటదట.
ఒక్కో గుడ్డుకు ఇసుక అద్ది,
మట్టిల గూడు తవ్వుకున్న ఒంటి తేనెటీగ
ఇంటి మీద ఆగి
దిగకుంటనే లోపలికి ఇసురుతదట.
ఆ పురుగు ఈ ఇంటి పిల్లను తిని పెద్దగైతది.
జర కోపమొచ్చింది నాకు.
మళ్ల ఈ రాళ్లల్ల ఏడాదికి పూసే పూలెన్నని
మనసుల లెక్కవెట్టి ఊకున్న.

నాలుగోసారికి చిక్కినదానికి
ఏ ఇల్లు కుదరలే.
పుస్తకం ముందుకు తిప్పింది, ఎనుకకు తిప్పింది,
చాయ్ సల్లారింది.
దాని పేరు జాగ ఖాళీ ఇడిసి
చీమ తలంత అక్షరాలతోని చీటీ రాసింది:
ఊరు, తారీకు, పట్టినవాని పేరు.

"లింబాద్రి... బి తర్వాత ఏలు ఎన్ని, ఒకటా రెండా?"
రెండన్న.
పాస్‌పోర్టుల ఒకటే ఉంటది.
మా నాయన పిలిస్తె మాత్రం
రెండు.