మొద్దు చప్పుడు

రాత్రి పన్నెండు దాటాక తెచ్చారు అతన్ని,
రామతీర్థం క్వారీ నుంచి, ట్రాక్టరు ట్రక్కులో
గోనెసంచులు పరిచి.
"దిమ్మ అంచు తగిలిందంతే సిస్టరమ్మా" అన్నారు మోసుకొచ్చినవాళ్లు.
ఎడమ పక్క, పక్కటెముకల కింద.
పేరు కాటంరాజు. మేస్త్రీ. నలభై ఆరేళ్లు.
గోళ్ల సందుల్లో ఇంకా నల్లరాతి పొడి
ట్యూబులైటు కింద సన్నగా మెరుస్తోంది.

చీమకుర్తి ఆసుపత్రిలో ఎక్స్‌రే గది
పొద్దున తొమ్మిదికి గాని తెరవరు.
బీపీ మిషను నూటపది బై డెబ్బై అంది.
మిషను అబద్ధం చెప్పలేదు,
అడిగినంతకే జవాబు చెప్పింది.

స్టూలు లాక్కున్నాను.
"ముందు చూడు, తర్వాత విను,
ఆపైన తట్టు, చివరన తాకు.
తాకేప్పుడు పొట్టకేసి కాదే, మొహంకేసి చూడు"
ఒంగోల్లో మాకు సలోమి సిస్టర్ నేర్పిన వరస అది.
చేతులు చల్లగా ఉంటే ఊరుకునేది కాదు.
అరచేతులు రుద్దుకున్నాను.

చూశాను: బెత్తెడు మేర కమిలిన గీత.
విన్నాను: పేగులు మాటలు తగ్గించాయి.
ఎడమ మధ్యవేలు ఆనించి కుడి మధ్యవేలితో తట్టాను.
బొడ్డు దగ్గర డప్పు.
ఎడమకి జరిగేకొద్దీ
మొద్దు,
మొద్దు.

అతను కళ్లు తెరిచాడు.
"మేమూ అంతే సిస్టరమ్మా, సుత్తి తిరగేసి తడతాం.
ఖంగుమంటే దిమ్మ నిలబడుద్ది.
బొంగురు పోయిందా, లోపల పగులు.
నాదేమంటంది?"

జవాబు చెప్పకుండా భుజం సంగతి అడిగాను.
"అవునమ్మా, ఈడ లాగతా ఉంది.
భుజానికి దెబ్బే తగల్లా, అదే యింత."

నాలుగేళ్ల కిందట మర్రిపూడి నుంచి వచ్చిన పిల్ల
సరిగ్గా ఇదే మాటంది.
భుజానికి మందు రాశాను.
అంతవరకే చెబుతాను.

నాడి తొంభై ఆరు.
పది నిమిషాలాగి నూట ఎనిమిది.
ఇంకో పదికి నూట పదహారు.
కాలి బొటనవేలి గోరు నొక్కి వదిలితే
ఎరుపు తిరిగి రావడానికి బద్ధకించింది.
వేలు పెట్టగానే పొట్ట బిగుసుకుంది,
మొహం నాకంటే ముందు చెప్పింది.

డాక్టరుగారిది నిద్రగొంతు:
"బీపీ బాగానే ఉందిగా, పొద్దున చూద్దాం."
సరే సార్ అనడం నాకు బాగా వచ్చు.
అనలేదు.
"సార్, ఇరవై నిమిషాల్లో నాడి ఇరవై పెరిగింది.
ఎడమ పక్క మొద్దుగా పలుకుతోంది, పొట్ట గట్టిపడింది.
దెబ్బ తగలని భుజం నొస్తోంది.
లోపల రక్తం కారుతోందని నా భయం.
మన దగ్గర ఎక్కించను రక్తం లేదు, కోసే మనిషి లేడు."
అవతల ఫ్యాను తిరగడం వినిపించింది కాసేపు.
"పంపించు. ఒంగోలుకి నేను ఫోన్ చేస్తా."

రెండు చేతులకీ రెండు సూదులు.
మంచినీళ్లడిగాడు. ఇవ్వలేదు.
తడిదూది పెదాలకి అద్దాను.
ఆ రాత్రి నాకు కష్టమైంది ఫోను కాదు,
ఆ దూది.

నూట ఎనిమిది బండి గేటు దాటాక
రిజిస్టరులో రాశాను: ఒకటీ నలభై, పంపడమైనది.
ఎందుకు పంపానో నాలుగు ముక్కలూ రాశాను.
"నాదేమంటంది" అన్నదానికి
అందులో గడి లేదు.

మూడో మంచం నుంచి పిలుపు.
చేతులు మళ్లీ చల్లగా ఉన్నాయి.