షాహేదాకు, రోమ్ పోయే ముందు

ముందుగాల బూట్లు.
ప్రకాశం బజార్ల కొన్న ఆ మెరుపు చెప్పులు పెట్టెల పెట్టకు.
అక్కడి బాటలు నల్లరాతి ముక్కలు,
ముసలోళ్ల పండ్ల తీరు ఎత్తుపల్లాలు.
కొత్త బూట్లు తొడుక్కొని పదిహేను రోజులు
లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కి దిగు.
లేచే పొక్కులేవో ఇక్కడనే లేవనీ.

మొదటిసారి నేనూ సలోమీ
ముప్పై ఒక్క పేర్లు రాసిన కాయితం పట్టుకొని పోయినం.
ఎనిమిది రోజుల్ల అన్నిటికీ టిక్కు పెట్టినం.
తిరిగొచ్చినంక గడియారం కాడ చాయ తాగుతూ
ఆ పెద్ద గోపురం లోపల ఏముండెనే అని అడిగితె
ఇద్దరికీ యాదికి రాలే.
సలోమి కొంచెం ఏడ్చింది. ఆమెకది మొక్కు, పాపం.
నాకేం మొక్కు లేదు.
చిట్టీ ఎత్తిన పైసలు, రిటైరైనంక చేతుల పని లేదు,
అంతే.

రెండోసారి పదకొండు పేర్లు. మూడోసారి
ఒక్కటే వాడ. రోజూ పొద్దున అదే కొట్టు, అదే కాఫీ.
నిలబడి తాగు. కూసుంటె కుర్చీకి కిరాయి పడుతది.
నాలుగోనాడు ఆ కొట్టాయన
నేను అడగకముందే చక్కెర పొట్లాలు రెండు పెట్టిండు.
గోపురాలన్నీ మర్చిపోయిన గని
ఆ రెండు పొట్లాలు యాదికున్నయి.

బస్సు టికెట్ కొంటె సరిపోదు,
ఎక్కినంక డబ్బాల ముద్ర కొట్టియ్యాలె.
నాకు జరిమానా పడ్డది. ఎంతో నీకు చెప్పను,
మా ఆయనకే చెప్పలే.
రద్దీ బస్సుల సంచి కడుపు మీదికి తెచ్చుకో.
చర్చి కాడ భుజాలు కప్పుకోమంటరు,
నీకది కొత్త కాదు.
రాత్రి ఏడున్నర దాటందే ఎవడూ అన్నం పెట్టడు,
పల్లికారం, రెండు జొన్నరొట్టెలు దగ్గరుంచుకో.
ఆగస్టుల పోకు.
అప్పుడు ఆ ఊరోళ్లే ఆ ఊర్లె ఉండరు.

ఇంకొకటి. ఇది ఏ కాయితంల రాసి ఉండదు.
వాడవాడకూ ఇనుప నల్లాలున్నయి,
ముక్కోలె వంగిన గొట్టం,
రాత్రీ పగలూ పారుతనే ఉంటయి.
బిందె లేదు, వరుస లేదు, కొట్లాట లేదు.
మొదటిసారి చూసి కట్టేద్దామని ఉరికిన.
తిప్పేటందుకు ఏమీ లేదు.

ముప్పై ఏండ్లు ఒకే ల్యాబుల సీసాలు కడిగినోళ్లం,
మర్రిగూడ, నాంపల్లి, చండూరు తిరిగి
బోరింగులకు ఎర్రరంగు పూసొచ్చినోళ్లం,
నీ దగ్గర దాచేదేముంది,
రెండోసారి చుక్కల మందు తీస్కపోయిన.
పౌడర్ డబ్బ పక్కన, రుమాల్ల చుట్టి.
ఆ నీళ్లల్ల నాలుగు చుక్కలేసి
నడిబజార్ల సీసను ఎండకు ఎత్తి పట్టిన.
గులాబీ రంగు.
నిమిషం చూసిన. ఇంకో నిమిషం.
గులాబీ రంగే. పసుపు తిరగలే.

సెలవులకొచ్చి డ్యూటీ చేస్తున్నవా అని
సలోమి నవ్వింది.
నేను నవ్వలే.
బంతి చంకల ఇరికించుకొని ఒక పిలగాడు నీళ్లకొచ్చిండు.
వాని పండ్లు చూసిన. మోకాళ్లు చూసిన.

నువ్వు చూడకు, షాహేదా.
ఆ అలవాటు ఇక్కడనే ఇడిచిపెట్టి పో.
మనకిప్పుడు కృష్ణ నీళ్లొస్తున్నయి, నిజమే.
అయినా నేను చూస్తనే ఉన్న,
బస్టాండ్ల, పెండ్లి ఫొటోలల్ల,
నవ్వుమంటె పెదవులు మూసుకునే నడీడు వాళ్లను.

ఆ పిలగాడే నేర్పిండు నాకు.
గొట్టం కింద నోరు పెట్టకు, అంతా తడుస్తవ్.
కొనకు వేలు అడ్డం పెట్టు.
మీద చిన్న బొక్క ఉంటది,
అందులకెళ్లి నీళ్లు ఎగిరి
నీ నోటి కాడికే వస్తయి.
నడుము వంచే పని లేదు.