ఒక చెంబు తేడా

గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో
మా ఇద్దరికీ ఒకటే గది, ఒకటే పొయ్యి,
మూడు రోజులకొకసారి గంటసేపు
దగ్గి దగ్గి నీళ్లు కక్కే ఒకటే కొళాయి.
గూడ్సు బండ్లు తోలే డ్యూటీలు మావి.
నేను గుత్తి దిక్కు పోతాంటే
వీర్రాజు రాయచూరు నించి వస్తాంటాడు.
మేము నిదానంగా ఎదురుపడేది
తొట్టి దగ్గర, బోకుల ముందరే.

వాడిది కాలవగట్టు ఊరు.
గిన్నె తోమి రేవులో ఒదిలేస్తే
కాలవే తొలిపి పెట్టేదంట.
నాది కళ్యాణదుర్గం పక్క పల్లె.
మా ఊర్లో ఏరుంది.
ఏటికి పేరుంది, ఇసక కూడా ఉంది.

చేరిన మొదటిరోజే పంచాయితీ.
నేను సబ్బు రుద్ది, గిన్నెడు నీళ్లలో ఒక్క మునక ముంచి
పాత లుంగీ గుడ్డతో తుడిచి బోర్లించినా.
వాడు గ్లాసు ఎత్తి కిటికీ వెలుతుర్లో తిప్పి
"తొలపలేదేంటండీ?" అన్నాడు.
వాడికి కోపమొచ్చినా
ఆ 'అండీ' మాత్రం జారదు.
"తుడిచినా కదప్పా."
"తుడిస్తే పోద్దాండీ? సగం గుడ్డకి, సగం గ్లాసుకి."
"నువ్వు గ్లాసు తొలిపే నీళ్లతో
మా యవ్వ ఒక పూట సంసారం చేసేది."
"మీ అవ్వగారు సబ్బుతో తోమలేదు కదండీ."

దానికి నా దగ్గర జవాబు లేదు.
పొయ్యిలో బూడిద, పులుసు పిండిన చింతపండు పిప్పి,
గుప్పెడు పీచు. అంతే ఆమె సరంజామా.
సంగటి అంటిన తపేలాను ముందు వేళ్లతో గీకి
ఆ నీళ్లు ఎనుముకు కుడితి.
తర్వాత బూడిద. తర్వాత పొడిగుడ్డ.
రాతి మీద బోర్లిస్తే
మిగిలింది ఎండ తొలిపేది.
మా ఇంట్లోకి సబ్బుబిళ్ల వచ్చిన ఏడు
ఎనుము కుడితిలో మూతి పెట్టి, చప్పున తీసి
మా యవ్వ దిక్కు చూసిన చూపు
నాకింకా గుర్తు.
అవ్వ ఆ నీళ్లు దిబ్బలో పారబోసి
"రుద్దేది పైసా, ఒదిలించేది రూపాయి.
ఈ నురగ అప్పు మాదిరి రా అబ్బీ,
చేతిలోకి వచ్చేటప్పుడు మెత్తగా ఉంటాది" అనింది.

ఒక ఆదివారం ఇద్దరికీ సెలవు పడింది.
తేల్చుకుందామని కూర్చున్నాం.
రెండు తట్టలు, ఒక బాండలి, కుక్కరు, రెండు గ్లాసులు.
వాడి పద్ధతికి బకెట్టున్నర.
నా పద్ధతికి చెంబు, అదీ నిండా కాదు.
వాడు కొంచెం సిగ్గుపడినాడు.
నేను కొంచెం ఎక్కువే నవ్వినా.
తర్వాత రెండు గ్లాసుల్లో టీ పోసి
ఎవరిది ఏదో తెలీకుండా అటూ ఇటూ జరిపి
కండ్లు మూసుకుని తాగినాం.
వాడు చప్పరించి చప్పరించి
తొలపని గ్లాసునే చూపించి
"ఇదేనండీ, శుభ్రంగా ఉంది" అన్నాడు.
గదంతా ఎగిరినా నేను.
పక్క క్వార్టరు మస్తాన్ సారు
గోడ మీద రెండుసార్లు కొట్టినాడు.

చెప్పనిది ఒకటుంది.
ఆ గ్లాసు నేనూ ఒక గుక్క తాగినా.
అంచు దగ్గర సన్నగా, బలే సన్నగా
నిమ్మకాయ వాసన.
టీలో నిమ్మకాయ ఎవరేస్తారు.

అప్పటినించీ వాడు డ్యూటీకి పోయిన రాత్రుల్లో
లైటు వేయకుండా, దొంగ మాదిరి
నా గ్లాసు ఒక చెంబు నీళ్లతో తొలుపుతా.
చప్పుడు కాకుండా వంచుతా.
ఆ నీళ్లు పారబోయడానికి చెయ్యి రాదు.
వాకిట్లో నూనెడబ్బాలో పెట్టిన
కరేపాకు మొక్కకు పోస్తా.
అది మూతి తిప్పుకోదు.
పాపం, మొక్క కదా,
దానికి తిప్పుకునేదానికి వీలు కాదు.